తరుగు పద్దు

కొత్తపట్నం రేవుకాడ
తారురోడ్డు అయిపోయిన చోట ట్రాక్టరు ఆగిపోతుంది.
టైరు ఇసకలో దిగబడిందంటే
లాగడానికి ఇంకో ట్రాక్టరు రావాలి.
అక్కణ్నించి నీళ్లదాకా
నాగూరమ్మ బల్లే.

చక్రాల్లేవు దానికి.
ఫైబరు పడవలొచ్చాక ఒడ్డున పడి ఎండుతున్న తెప్పలోంచి
రెండు మాన్లు విడదీయించి
అడ్డంగా నాలుగు చెక్కలు కొట్టించింది.
తెప్పమానుకి ముక్కు ముందే పైకి లేచి ఉంటుంది గదా,
అలనెక్కడానికి చెక్కిన వంపు
ఇసకనెక్కడానికీ పనికొచ్చింది.

నేను ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాని.
దిమ్మలు లెక్కపెట్టి చీటీ రాయడం నా పని.
ఊక దులిపి, గోనె కప్పి,
మోకు భుజానికేసుకుని ఆమె ముందుకి వంగుతుంది.
బల్ల మొదట మొరాయిస్తుంది.
ఎండుటిసక మీద కిర్రు కిర్రుమంటుంది.
పది బారలు పోయాక చప్పుడు మారుతుంది.
గోనెలోంచి కారిన నీళ్లు చెక్కల సందుల్లో దిగి
మాన్ల కింద ఇసకని తడుపుతాయి.
అప్పుడిక జారుతుంది, ఆముదం రాసినట్టు.
బరువు తన దారి తనే పోసుకుంటూ పోతుంది.

ఒకరోజు మనవరాలు బడి పుస్తకం తెచ్చి తెరిచింది.
పేజీ అంతా తెలుపు.
జంటలు జంటలుగా ఎనిమిది కుక్కలు,
వాటి వెనక బొచ్చుకోటు మనిషి,
అతని కాళ్లకింద బల్ల.
"అవ్వా, ఇది నీదే."

నాగూరమ్మ బొమ్మని దూరం పెట్టి చూసింది,
ముక్కుకానించుకుని చూసింది.
"నాదెట్టవుద్దే? నేను ముందుంటాను.
ఆయన ఎనకుండాడు."
కాసేపాగి,
"కింద తెల్లంగా ఉండేదేంది, ఉప్పుమడా?"
"మంచు. అంతా మంచే. ఏడాదికి ఎనిమిది నెలలు."
"కొనే పన్లేదా?"
"లేదు."
అప్పుడు నా వైపు తిరిగి చూసింది,
ఆ మంచంతా నేనే దాచిపెట్టినట్టు.
"మరి బల్లమీద ఏమేసకపోతారబ్బయ్యా, ఆ దేశంలో?"

నాకు తెలీదు.
మనవరాలే వేలు పెట్టి చదివింది:
కట్టెలు. మందులు. ఉత్తరాలు.
కాన్పుకి పోయే ఆడమనిషి.

"ఓహో. ఆళ్లకి మంచు దారి. మనకి సరుకు."
మోకుని ఆ భుజం నించి ఈ భుజానికి మార్చుకుంది.
"కుక్కలకి కూలెంతంట?"
"ఎండుచేప."
"మేలే. మాకు మెత్తబడినవి ఇస్తారు."

రోహిణి కార్తెలో పన్నెండు దిమ్మలు పంపితే
పడవకాడికి చేరేది పదకొండూ చిల్లర.
ఆ చిల్లర ఏమైందంటాడు ఓనరు.
ఊక తక్కువేశారా,
పగలగొట్టి సోడాబండికి అమ్ముకున్నారా?
పద్దుపుస్తకంలో తరుగుకో గడి ఉంది,
పక్కనే కారణానికి ఇంకో గడి.
పదేళ్లుగా అందులో "ఎండ" అనే రాస్తున్నాను.
ఆ రోజు "దారి" అని రాశాను.
ఓనరు ఇంకా చూడలేదు.

ఆమెకివేం పట్టవు.
దిమ్మలు దించగానే వెనక్కి తిరుగుతుంది.
మిట్టమధ్యాహ్నం, ఇసక పెనం,
చెప్పుల్లేని కాళ్లు.
తను గీసుకొచ్చిన రెండు తడిచారల్లో
కుడిదాన్ని పట్టుకుని నడుస్తుంది
ఒక్కడుగూ పక్కకి పడకుండా.
సముద్రం వైపు కొస ఇంకా చల్లగానే ఉంటుంది.
రోడ్డు వైపుది అప్పటికే ఆరిపోయుంటుంది.

సగం దూరం నడక.
మిగతా సగం పరుగు,
వెనకాల ఖాళీ బల్ల ఎగురుకుంటా.